కౌన్సెలర్ మా అబ్బాయి మాటలు మాకెందుకు చెప్పడం లేదు?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. బాబు ఇంటర్ ఎంపీసీ సెకండియర్, హాస్టల్లో ఉంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతానంటున్నాడు. ఒక కెరీర్ కౌన్సెలర్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాం. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆయన మాకు చెప్పరు. బీటెక్ చేయమని గట్టిగా చెప్పండన్నా చెప్పడం లేదు, ఊరికే వింటారట. ఇప్పుడు బాబు మూడోసారి రానని మొండికేశాడు. కౌన్సెలర్‌ని మార్చేయమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, అప్పుడే మార్చకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆయన పద్ధతిలో తప్పేమీ కనిపించడం లేదు. కాకపోతే ఆ పద్ధతేంటో మొదటిరోజే మీ అందరినీ కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పినట్టు లేదు, చిక్కు అక్కడ మొదలైంది.

మొదటి సెషన్ మామూలుగా 50 నిమిషాలు. అందులో మొదటి పది నిమిషాలు తల్లిదండ్రులు, పిల్లవాడు అందరూ కలిసే కూర్చోవాలి. ఏం తేల్చుకోవడానికి వచ్చారు, సుమారు ఎన్నిసార్లు రావాల్సి ఉంటుంది, లోపలి మాటల్లో ఏవి బయటికొస్తాయి, ఏవి రావు అన్నవి పిల్లవాడు వింటుండగానే తేలాలి. తర్వాత అరగంటకు పైగా తనొక్కడే. చివర్లో మళ్లీ మిమ్మల్ని పిలుస్తారు. మీకేం చెప్పవచ్చో ముందు తననే అడిగి, సరేనన్నంత వరకు తన ఎదుటే మీకు చెబుతారు.

పని ఎటు సాగుతోంది, వచ్చేసారికి బాబు ఏం చేసుకుని రావాలి అన్నవి మీరు నిరభ్యంతరంగా అడగొచ్చు. మాటకు మాట అప్పజెప్పమని మాత్రం అడగకూడదు. బాబుకు 18 నిండలేదు కాబట్టి మీ అనుమతి తప్పనిసరి, ఫీజు కట్టేదీ మీరే. అయినా తను చెప్పింది సాయంత్రానికల్లా ఇంట్లో చర్చకొస్తే ఇంకోసారి నోరు విప్పడు. ఈ గోప్యతకూ హద్దులున్నాయి. ప్రాణం తీసుకునే ఆలోచన, ఇంకొకరికి హాని చేసే ఉద్దేశం బయటపడితే మీకు చెప్పి తీరాలి. లైంగిక వేధింపు విషయమైతే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే.

ఇక ‘ఊరికే వినడం’ సంగతి. కెరీర్ గైడెన్స్ మొదలైందే సలహాతో. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ ఇందుకోసం ఒక కార్యాలయం తెరిచాడు. మనిషి తన్ను తాను తెలుసుకోవాలి, పనుల గురించి తెలుసుకోవాలి, ఆ రెంటికీ పొంతన చూసుకోవాలి అన్నది ఆయన లెక్క. తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విలియమ్సన్ దాన్ని టెస్టులు, స్కోర్లు, వాటిని బట్టి సూటిగా సలహా అనే దారిలో పెట్టాడు. మీరు కోరుకుంటున్నది ఈ రకం. 1940ల్లో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త దీన్ని ఎదిరించాడు. ఎదుటివాడిని తూకం వేయకుండా అంగీకరించి, అతని వైపు నుంచి అర్థం చేసుకుని, కౌన్సెలర్ తాను నటించకుండా ఉంటే దారి అతనికే కనిపిస్తుందన్నాడు.

గదిలో తేడా ఎలా ఉంటుందో చూడండి. అబ్బాయి “ఏది చదివితే ఏముంది సార్” అన్నాడనుకోండి. “అలా అంటే ఎలా? మ్యాథ్స్‌లో నీ మార్కులు బాగున్నాయిగా” అంటే అది సలహా దారి. అబ్బాయి తలూపుతాడు, సంభాషణ అక్కడితో సరి. “ఎటూ నీ మాట చెల్లదనిపిస్తోందా?” అని అడిగితే కాసేపు మౌనం, ఆ తర్వాత అసలు విషయం. లా మీద నిజంగానే ఇష్టమా, లేక ఫిజిక్స్ అంటే భయమా, ర్యాంకుల వారీగా సెక్షన్లు మార్చే పద్ధతితో విసుగా అన్నది ఆ మౌనం తర్వాతే తెలుస్తుంది. ఈ మూడింటికీ మూడు వేరే మందులు.

అలాగని వినడంతోనే బండి నడవదు. రోజర్స్ పద్ధతిని మడి కట్టుకుని పాటించే కౌన్సెలర్లు కెరీర్ విషయంలో తప్పటడుగు వేస్తారని నా అభిప్రాయం. పదిహేడేళ్ల వాడికి తెలియని సమాచారం వాడి మనసులోంచి ఊడిపడదు కదా. ఐదేళ్ల లా కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా పనికొస్తుంది. రాష్ట్రంలోని కాలేజీలకు లాసెట్, విశాఖలోని దామోదరం సంజీవయ్య వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. అంటే ఏ దారి పట్టినా ఇప్పుడు ఎంపీసీ మంచి మార్కులతో పూర్తి కావాల్సిందే. ఈ ఒక్క ముక్క బల్ల మీదికొస్తే మీ ఇంట్లో గొడవ సగం చల్లారుతుంది. మూడు, నాలుగు సెషన్లకల్లా కౌన్సెలర్ ఈ సమాచారం దగ్గరికి రావాలి. రాకపోతే మర్యాదగానే అడగండి.

మరి అబ్బాయి ఎందుకు రానంటున్నాడు? 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త కౌన్సెలర్‌కీ వచ్చినవారికీ మధ్య సంబంధాన్ని మూడు భాగాలుగా చూపించాడు: గమ్యం మీద ఒప్పందం, చేయాల్సిన పనుల మీద ఒప్పందం, ఇద్దరి మధ్య నమ్మకం. ఏ పద్ధతి వాడినా ఇవి కుదరకపోతే ఫలితం అంతంతే. మీ విషయంలో తెగింది మొదటిదని అనుమానిస్తున్నాను. ‘బీటెక్ చేయమని చెప్పండి’ అని మీరు అడిగిన సంగతి బాబు చెవిన పడే ఉంటుంది. ఆ క్షణం నుంచి తన లెక్కలో కౌన్సెలర్ అమ్మానాన్నల తరఫు మనిషి. దానికి తోడు ఇంటికెళ్లే దారిలో “ఏం చెప్పావు, ఆయనేమన్నారు” అని ఆరా తీస్తే రెండో విడత విచారణ అయినట్టే.

కాబట్టి ఈసారి ఔటింగ్ ఇచ్చిన ఆదివారం మీరిద్దరూ బాబుతో ఇంతే అనండి: “బీటెక్ చేయించమని ఆయనతో అన్నాం. అది వెనక్కి తీసుకుంటున్నాం. రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూడటానికే వెళ్దాం. నువ్వేం మాట్లాడావో అడగం.” కౌన్సెలర్‌కూ ఇదే మాట బాబు ఎదుటే చెప్పండి. చేసుకురావాల్సిన పని కూడా ఒకటి ఇవ్వమనండి. ఉదాహరణకు ఒక పూట బెజవాడ కోర్టులో కూర్చుని, ఒక జూనియర్ లాయర్‌ను మొదటి మూడేళ్లు ఏం చేశారు, ఎంత సంపాదించారు అని అడిగి రాసుకురావడం. బీటెక్ ఫైనలియర్ వాడినీ అవే అడగాలి. అప్పటికీ బాబు రానంటే బలవంతం వద్దు. మీరిద్దరే ఒక సెషన్‌కు వెళ్లండి, దానివల్లా పని జరుగుతుంది.

మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. ముఖ్యమైనది కమీషన్. కెరీర్ కౌన్సెలర్ బోర్డు పెట్టుకుని పొరుగు రాష్ట్రాల కాలేజీలకు అడ్మిషన్లు పట్టిచ్చేవారు ఉన్నారు. “ఏ కాలేజీ నుంచైనా మీకు డబ్బు వస్తుందా?” అని మొహమాటపడకుండా అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఒక్క ఆప్టిట్యూడ్ టెస్టు పెట్టి ‘మీవాడు ఇంజినీరే’ అని తీర్పిచ్చే వారినీ, బాబుకు పాఠం చెప్పే లెక్చరర్‌నీ కౌన్సెలర్‌గా పెట్టుకోకండి. మార్కులు వేసే చేతికి మనసు విప్పి చూపించడం ఎవరివల్లా కాదు.

రెండు వారాలుగా నిద్ర, తిండి తగ్గడం, ఎవరితోనూ కలవకపోవడం, చావు మాటలు ఉంటే అది కెరీర్ కౌన్సెలర్ పని కాదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో కలవాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు.

ఒకవేళ మార్చినా, చెప్పకుండా మానేయకండి. చివరిగా ఒక్కసారి వెళ్లి టెస్టు రిపోర్టులు అడిగి తీసుకోండి. కొద్ది నెలల్లోనే అదే టెస్టు మళ్లీ రాయిస్తే ప్రశ్నలు గుర్తుండి స్కోరు నమ్మదగ్గదిగా ఉండదు.