రాళ్ళ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివా. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో మాస్టర్స్ చదువుకుంటూ, సెలవు దొరికితే బస్సెక్కి లోన్‌హెడ్ ఆఫ్ డేవియట్ రాళ్ళ వలయం దాకా పోయి, దాన్ని తెలుగులో రాయాలనుకున్నావ్ చూడు, ముచ్చటేసింది. కానీ ఫస్ట్ లైన్‌లోనే "ఇది ఆదిమానవుల చంద్ర అబ్జర్వేటరీ" అని తేల్చి పారేశావ్, అక్కడే ఆగిపోయా.

అలెగ్జాండర్ థామ్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి ఇలాంటి రాళ్ళు కొలిచి, చంద్రుడి కదలికల్ని మహా సన్నగా పట్టుకోడానికే కొన్ని చోట్ల నిలబెట్టారన్నాడు, తర్వాత క్లైవ్ రగల్స్ అనే పరిశోధకుడు మళ్ళీ పోయి చూస్తే అంత కచ్చితత్వం నిలబడలేదు. అన్ని రాళ్ళు, అన్ని కొండలు ఉన్న చోట ఎటు గురిపెట్టినా ఏదో ఒకటి కుదురుద్ది కదా! మిగిలింది ఏంటంటే, అక్కడి ఇలాంటి వలయాలన్నీ కలిపి చూస్తే, ఒక్కోదాన్లో అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద రాయి ఒకటుంటుంది, అది దాదాపు ఎప్పుడూ దక్షిణానికో నైరుతికో ఉంటుంది. జూన్‌లో సూర్యుడు బాగా పైనుంచి పోతాడు కాబట్టి దానికి ఎదురుగా ఉండే పున్నమి చంద్రుడు ఆ దక్షిణం వైపే బాగా కిందుగా నడుస్తాడు. ఒక్క వలయం చూసి చెప్పలేం, అన్నీ కలిస్తేనే అనుమానం గట్టిపడేది. "అయ్యుండొచ్చు" అని రాయడానికి సిగ్గుపడకు.

ఇంకోటి, చంద్రుడు అన్నిటికంటే కిందికి దిగే 18.6 ఏళ్ళ లెక్క. నేనూ ఒకప్పుడు "పద్దెనిమిదేళ్ళకోసారి ఒకే ఒక్క రాత్రి" అని రాసేశా, ఎవరో రిటైరైన మాస్టారు కార్డు రాశారు, ఒక్క రాత్రి కాదయ్యా, ఏడాది పైనే నెలనెలా అంత కిందికి దిగుతాడు అని. పరువు పోయింది. నువ్వు "మేజర్ స్టాండ్‌స్టిల్" అని రాసి జడిపించకు, రాహుకేతువులు రాశికి ఏడాదిన్నర చొప్పున పన్నెండు రాశులూ తిరిగొచ్చే టైమే అది, పంచాంగం చూసే మామ్మకి కూడా అర్థమైపోద్ది. అలాగని దక్షిణం అనగానే యముణ్ణి దింపావ్ చూడు, అది మాత్రం కొట్టెయ్. వలయం మధ్యలో కాల్చిన మనుషుల ఎముకలు దొరికాయి, అది చాలు.

సరిగ్గా ఆ కాలంలోనే, 2025 జూన్ పున్నమికి నువ్వు అక్కడే ఉన్నావ్. చెయ్యి చాచి మూడు వేళ్ళు అడ్డం పెడితే దాక్కునేంత కిందుగా పోవాల్సిన చంద్రుడు! "మబ్బు పట్టింది" అని రెండు మాటల్లో వదిలేశావేంట్రా? ఎంతసేపు నిలబడ్డావ్, రాయి తడిగా ఉందా, లాస్ట్ బస్ దొరికిందా? అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఆదివారం దాకా ఊళ్ళో ఉండను, ఆ తర్వాత పంపు.

అన్నయ్య