ట్యాంకు మీద నాన్న మొహం వద్దు అల్లుడూ

ఆటోనగర్, విజయవాడ.

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నీ రేసు బండి పెయింటు కోసం నువ్వు ఫోన్లో పంపిన ఏడు డిజైన్లూ చూశాను. మీ అత్త కూడా చూసింది, ఆవిడకి పులి నచ్చింది. నాకైతే ఒక్కటీ నచ్చలేదు, కోప్పడకు. పాత యమహా ఆర్డీ 350 ఇంజను వెతికి పట్టుకుని బోరు చేయించావు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ దగ్గరుండి కొట్టించావు, బండి చుట్టూ ఉండే ఫైబర్ తొడుగు, అదే ఫెయిరింగుకి సొంతంగా అచ్చు తీశావు. రెండేళ్లు ఇంత ఓపిక పట్టినవాడివి, పెయింటు దగ్గరకొచ్చేసరికి నెట్లో కనపడ్డవన్నీ ఒకే బండి మీదకు ఎక్కించేశావు. జెండా రంగులు, పులి, మంటలు, రేసర్ రోసీ నెంబరు 46, వీటన్నిటి మధ్యలో ట్యాంకు మీద మీ నాన్న మొహం.

ముందు మొహం సంగతి. ఎయిర్ బ్రష్‌తో ఫొటోలాగా దింపేవాళ్లు మన దగ్గరా ఉన్నారు, నేనే పిలిపించగలను. కానీ ట్రాక్ తిన్నగా సాగే చోట నువ్వు వంగి పడుకుంటే నీ గడ్డం, ఛాతీ ఆనేది సరిగ్గా ఆ ట్యాంకు మీదే. సూటు జిప్పు రాపిడికి బావ ముక్కు అరిగిపోతుంది. పైగా ట్రాక్ బండి అన్నాక ఏదో ఒకరోజు పడుతుంది. లేపి చూసుకునేసరికి ఆయన చెంప తారుకి గీసుకుపోయి ఉంటే, ఆ బండిని మీ అమ్మకి ఎట్లా చూపిస్తావు?

బావ మీద ప్రేమ ఉంటే ఆయన రంగు వేసుకో. ఆయనకీ ఒక రంగుంది, నువ్వు చిన్నప్పుడు చూసిందే. ఇరవై రెండేళ్లు నేషనల్ పర్మిట్ లారీ తోలాడు. అప్పట్లో ఆ లారీలకి ఎండుటాకు రంగు వేయాల్సి ఉండేది, చుట్టూ తెల్ల అంచు కట్టాల్సి ఉండేది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రాసిన మాట అది. క్యాబిన్ నుదుటి మీద ఎన్, పీ అక్షరాలు రాసింది నేనే, ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ గోధుమరంగు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ నాకు మీ నాన్న గొంతే వినిపిస్తుంది, "బామ్మర్దీ, రేపు పొద్దున్నే లోడింగు, తొందరగా కానియ్" అని.

గోధుమరంగు రేసు బండికి బాగుంటుందా అంటావు. ఒంటరిగా వేస్తే బాగోదు. తారు పక్కన, ఎండిన గడ్డి పక్కన కలిసిపోతుంది. రెండు వేళ్ల వెడల్పు తెల్ల అంచు పడిందా, బండి ఆకారం మొత్తం పైకి లేస్తుంది. లారీకీ ఆ అంచే అందం.

ఇక రేసు నెంబరు రాసే ప్లేటు. నీ డిజైన్లలో పసుపు ప్లేటు మీద నల్ల అంకె పెట్టావు. చూడ్డానికి బాగుంది గానీ నీ బండికి అది అబద్ధం. పాత గ్రాండ్ ప్రీ ప్రపంచ పోటీల రోజుల్లో ప్లేటు రంగు చూస్తే బండి ఏ క్లాసో తెలిసిపోయేది. 500 సీసీకి పసుపు మీద నలుపు, 350కి నీలం మీద తెలుపు, 250కి ఆకుపచ్చ మీద తెలుపు, 125కి నలుపు మీద తెలుపు. నీ ఇంజను 347 సీసీ. నీలం ప్లేటు నీ హక్కు, వేసుకో. తెలిసినవాడు పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు సరిచేసుకునే చోట, ఆగి ఒక్కసారి తల ఊపుతాడు, అది చాలు. చెన్నై దగ్గర షోళవరంలో పాత రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో నేను రైలెక్కి వెళ్లి చూసొచ్చాను. అక్కడే ఒక పెద్దాయన నాకు ఈ రంగుల లెక్క చెప్పాడు. ఇప్పుడు నువ్వు అదే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో తోలబోతున్నావు.

యమహా ఇంజను కదా, పసుపు మీద నల్ల గళ్లు వేస్తే తప్పేంటి అని మీ ఫ్రెండు అన్నాడట. తప్పేం లేదు. కెన్నీ రాబర్ట్స్ 1978 నుంచి వరసగా మూడేళ్లు 500లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ పసుపూ నలుపూ చూస్తే ఆయనే గుర్తొస్తాడు. నీ బండిని చూసి కూడా జనం ఆయన్నే తలుచుకుంటారు. నీకు అదే కావాలంటే సరే.

ఆకుపచ్చ అచ్చిరాదని మీ అమ్మ భయపడుతోందని రాశావు. ఆ భయం మనకే కాదు, రేసుల వాళ్లకీ ఉండేది. అయినా కవాసాకీ వాళ్లు 1969లో నిమ్మపచ్చ రంగుతో అమెరికాలో డేటోనా రేసులో దిగారు, ఇవాళ ఆ రంగే వాళ్ల ఇంటిపేరు. అక్కకి ఈ మాట చెప్పు, ఎలాగూ నువ్వు ఆకుపచ్చ వేయట్లేదనుకో.

ఫ్రేము మాత్రం నల్లగా వేయించకు, ఎవరు చెప్పినా వినకు. లేత బూడిద రంగు వేయించు. ఇది అందం కోసం కాదు. వెనకటికి ఒక కుర్రాడి బండికి నేనే నల్లటి పెయింటు దట్టంగా కొట్టాను, అద్దంలా మెరిసిందని మురిసిపోయాను. స్టీరింగ్ హెడ్ దగ్గర వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు ఆ నలుపులో కనపడలేదు. హ్యాండిల్ ఊగుతోందని బండి తెస్తే, లైటు వేసి చూశాక గుండె ఆగినంత పనైంది. లేత రంగు మీదైతే పగుల్లో మురికి చేరి నల్ల గీతలా బయటపడుతుంది. పౌడర్ కోటింగ్ కూడా మందంగా వద్దు. అలాగే ఇంజను కింద తొడుగు, బెల్లీ పాన్ లోపలంతా తెల్లగా కొట్టు, ఆయిల్ చుక్క పడితే పిట్‌లోనే పట్టుకుంటావు.

మెరిసే మెటాలిక్, పొరలు పొరలుగా కొట్టే క్యాండీ రంగుల జోలికి పోకు. ఒక ప్యానెల్ గీసుకుపోతే మళ్లీ అదే షేడు తేవడం ఎంతటి పనివాడికైనా చెమటే. సాలిడ్ రంగయితే ఆ ముక్క వరకు కొట్టుకోవచ్చు. ఫ్లోరసెంటు మన ఎండకు వెలిసిపోతుంది. మ్యాట్ మీద పడ్డ మరక పాలిష్ పెట్టినా పోదు. అంచు గీతని ఒక ప్యానెల్ మీద నుంచి ఇంకో దాని మీదకు సాగదీయకు, ఎక్కడిదక్కడే ముగించు. పడ్డాక మార్చాల్సింది ఒక్క ముక్కే అయినా, గీత కలవకపోతే బండంతా వంకరగా కనిపిస్తుంది. ట్యాంకుకి టూకే క్లియర్, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రంగులేని పై పూత, తప్పనిసరి, మామూలు స్ప్రే డబ్బా రంగు పెట్రోలు ఒలికితే ఉబ్బి లేచిపోతుంది. టూకే కొట్టేటప్పుడు మాస్కు లేకుండా ఆ గదిలోకి రాకు. నా దగ్గు చూశావుగా, మా కాలంలో జేబురుమాలే మాస్కు.

ఏ గీతకైనా ఒక పనుంటే దాని అందమే వేరు. డుకాటీ వాళ్లు 1972లో ఇటలీలో ఇమోలా రేసు గెలిచిన బండ్లకి ఫైబర్ ట్యాంకు పక్కన ఒక పట్టీ రంగు వేయకుండా వదిలేశారు, పెట్రోలు ఎంతుందో బయటికి కనపడటానికి. నీది రేకు ట్యాంకు కాబట్టి కుదరదు, ఊరికే గుర్తొచ్చి రాశాను.

సీటు వెనక "సౌండ్ హారన్" అని లారీ అక్షరాలతో రాయమంటే మాత్రం కాదనను. నీ బండికి హారనే లేదు, వెనకాలొచ్చేవాడిది కూడా అంతే. మీ నాన్న చూసి నవ్వుతాడు.

ఆదివారం ట్యాంకు తీసుకురా. పెట్రోలు పూర్తిగా వంచేసి, మూత తీసి రెండు రోజులు గాలికి పెట్టి మరీ తీసుకురా, వాసన ఉంటే గేటు దగ్గరే ఆపేస్తాను. ఫెయిరింగు కూడా తెచ్చేయ్, ఫైబర్లో సూది బెజ్జాలు ఉంటాయి, పుట్టీ నేనే పెడతాను. రేసు వాళ్లు నీకు ఇచ్చిన నెంబరు ఎంతో ముందే ఫోన్ చేసి చెప్పు. 1 గానీ 7 గానీ అయితే గంటలో పని. 8 అయితే ఒకరోజు ముందు నుంచీ చెయ్యి తిప్పుకోవాలి, ఈ మధ్య వేళ్లు కాస్త వణుకుతున్నాయి.

మీ మావయ్య