స్టీరింగ్ ముచ్చట్లు: ఆల్ప్స్ కొండల్లో స్పోర్ట్స్ కారు

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్, అందరం వైజాగ్‌లోనే ఉంటాం. వచ్చే మే నెలాఖర్లో పది రోజులు యూరప్ వెళ్ళి రెండు స్పోర్ట్స్ కార్లు అద్దెకి తీసుకుని, పారిస్‌లో మొదలుపెట్టి ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా చూసుకుంటూ ఆల్ప్స్‌లో స్టెల్వియో పాస్ (ఇటలీలో కొండ దాటే రోడ్డు) ఎక్కి రోమ్‌లో కార్లు అప్పజెప్పేద్దాం అనుకుంటున్నాం. అరకు ఘాట్, లంబసింగి రోడ్లు మాకు కొట్టిన పిండే. మా ప్లాన్ ఎలా ఉంది? ఏ కారు తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్సాహం చూస్తే నాకే బయల్దేరాలనిపించింది, కానీ ఈ ప్లాన్‌తో మాత్రం వెళ్ళకండి. మీరు రాసిన ఊళ్ళన్నీ కలిపితే మూడు వేల కిలోమీటర్ల పైమాటే, అందులో మీరు ఏ రోడ్డు కోసం స్పోర్ట్స్ కారు తీసుకుంటున్నారో ఆ కొండ రోడ్డు వంద కిలోమీటర్లు కూడా లేదు. మిగతాదంతా హైవే మీద లారీల మధ్య నడపడమే, దానికి స్పోర్ట్స్ కారు ఎందుకు చెప్పండి, పైగా గట్టి సస్పెన్షన్‌తో నడుం పట్టేస్తుంది. ఇలాంటి కార్లకి రోజుకి ఇన్ని కిలోమీటర్లే అని లిమిట్ పెడతారు, దాటితే కిలోమీటర్‌కింతని వసూలు చేస్తారు, ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో అప్పజెప్తే దానికి వేరే చార్జీ, కొన్ని ఖరీదైన కార్లనైతే ఇటలీలోకి తీసుకెళ్ళనివ్వరు కూడా. బుక్ చేసే ముందే ఏయే దేశాలకి వెళ్ళచ్చో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఫోన్లో "పర్లేదు సార్" అన్న మాట రేపు లెక్కలోకి రాదు.

ఇంక మే నెలాఖరు. మనకి అది నడివేసవి, స్టెల్వియో మీద మాత్రం ఇంకా మంచు తవ్వుతూ ఉంటారు. 2757 మీటర్ల ఎత్తు అది, మామూలుగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు, శీతాకాలమంతా మూసే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో ఫుర్కా, సుస్టెన్, గ్రిమ్సెల్ పాస్‌లు కూడా దాదాపు అంతే. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా సీజన్, అందులో ఆగస్టు వదిలెయ్యండి, ఇటలీ వాళ్ళు సెలవులకి అంతా అప్పుడే బయటికొస్తారు. నన్నడిగితే సెప్టెంబర్ మొదటి సగం. ఒకటి మాత్రం చూసుకోండి, వేసవి చివర్లో ఒక రోజు స్టెల్వియోని సైకిళ్ళ కోసం పూర్తిగా మూసేస్తారు, ఆ తేదీ తెలుసుకోకుండా టికెట్లు కొన్నారంటే కొండ కింద నిలబడి చూడటమే.

అందుకని నా మాట వింటే పారిస్, బెర్లిన్ ఇంకో ట్రిప్పుకి పెట్టుకోండి. మ్యూనిక్‌లో కార్లు తీసుకుని మ్యూనిక్‌లోనే అప్పజెప్పండి. అక్కణ్ణుంచి రెండున్నర మూడు గంటల్లో ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు దగ్గరికి చేరతారు. మొదటి కొండ ఇదే కావాలని నేను పట్టుబట్టి చెప్తాను, ఎందుకంటే 1935లో తెరిచిన రోడ్డు ఇది, జనం వచ్చి కొండల్ని చూడాలని వేసిన రోడ్డు, 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, వెడల్పుగా ఉంటుంది, ఎత్తైన చోట 2504 మీటర్లు. టోల్ మాత్రం కారుకి రోజుకి 40 యూరోల పైనే, కట్టినందుకు బాధ ఉండదు, రోడ్డు అద్దంలా ఉంటుంది. రాత్రి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే గేటు తెరిచేసరికి అక్కడుండండి, పది దాటితే టూరిస్టు బస్సులు మొదలైపోతాయి. అటు నుంచి కిందికి దిగి ఇటలీలో డోలమైట్స్ కొండలు, అక్కడ పోర్దోయి, సెల్లా పాస్‌లు, తర్వాత బొల్జానో, మెరానో మీదుగా ప్రాటో అనే ఊరు, అక్కణ్ణుంచి స్టెల్వియో మొదలు.

స్టెల్వియో గురించి ఒక మాట నిజంగా చెప్పాలి. ఫోటోల్లో చూసి అందరూ దాని కోసమే వెళ్తారు, ప్రాటో వైపు 48 మలుపులు, ఒక్కో మలుపు దగ్గర నంబరు ఉంటుంది, కింద 48తో మొదలై పైకెక్కేకొద్దీ తగ్గుతూ వస్తుంది. చూడ్డానికి అంత గొప్ప రోడ్డు ఇంకోటి లేదేమో. కానీ అది 1820–25 మధ్య ఆస్ట్రియా సామ్రాజ్యం వాళ్ళు గుర్రబ్బళ్ళ కోసం వేయించిన రోడ్డు. గుర్రానికి ఎంత ఏటవాలు చాలునో, బండి తిరగడానికి ఎంత చోటు చాలునో అంతే ఉంది. కారు అక్కడ ఫస్ట్ గేర్‌లో మలుపు తిరిగి, సెకండ్ పడేలోపే మళ్ళీ మలుపు. స్టెల్వియో చూడాల్సిన రోడ్డే గానీ కారు నడుపుకోవాల్సిన రోడ్డు మాత్రం సుస్టెన్. 1938–45 మధ్య కార్లని దృష్టిలో పెట్టుకునే వేశారు, 2224 మీటర్ల దాకా వెళ్తుంది, మలుపులు ఒకదాంట్లోంచి ఒకటి జారినట్టు వస్తాయి, స్టీరింగ్ తిప్పుతున్నట్టే ఉండదు. సుస్టెన్, గ్రిమ్సెల్, ఫుర్కా మూడూ కలిపి ఒక చుట్టు, సుమారు 120 కిలోమీటర్లు, ఆండర్‌మాట్ అనే ఊళ్ళో రెండు రాత్రులు ఉంటే ఆరు గంటలకి లేచి తిరిగి టిఫిన్ టైముకి వెనక్కి రావచ్చు, మళ్ళీ రెండోరోజు అదే చుట్టు ఎదురుదిక్కున తిరగచ్చు, అప్పుడది వేరే రోడ్డు. స్టెల్వియో నుంచి స్విట్జర్లాండ్‌లోకి దిగడానికి ఉంబ్రాయిల్ పాస్ ఉంది, పైనుంచి కొంచెం దిగగానే చీలుతుంది, చాలామంది పట్టించుకోరు గానీ మంచి రోడ్డు.

అరకు ఘాట్ కొట్టిన పిండి అన్నారు కదా, అక్కడే జాగ్రత్త. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి కొండెక్కేటప్పుడు ఎడమ మలుపు మనకి ఇరుకు, కుడి మలుపు విశాలం. అక్కడ కుడి పక్కన నడుపుతారు, అంతా తారుమారు, కుడి మలుపే ఇరుకు, లోపలి గోడ మీ కుడి చేతి అద్దం పక్కనే వస్తుంది, మీరేమో అవతలి సీట్లో ఉంటారు, గోడ ఎంత దూరమో తెలీదు. నేను మొదటిసారి స్టెల్వియో ఎక్కినప్పుడు నలభై ఎనిమిది మలుపుల్లో ముప్పై దాటేదాకా నా మెడ అటే తిరిగి ఉంది. అందుకే కారు తీసుకున్న రోజే కొండెక్కొద్దు, ఒక రోజు కింద లోయల్లో పల్లె రోడ్ల మీద తిరగండి, ఖాళీ పార్కింగ్‌లో రివర్స్ ప్రాక్టీస్ చెయ్యండి. గేరు కుడిచేత్తో వెయ్యడం కూడా కొత్తే కాబట్టి మొదటి ట్రిప్పుకి ఆటోమేటిక్ తీసుకుంటే మంచిది. ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండే వెనక్కి తగ్గాలి. స్విట్జర్లాండ్‌లో పసుపుపచ్చ పోస్టు బస్సులు తిరుగుతాయి, చూపు అందని మలుపుల దగ్గర మూడు స్వరాల హారన్ కొడతాయి, అది వినబడగానే ఆగండి, ఆ రోడ్లలో బస్సుకే దారి, డ్రైవర్ చెయ్యూపి ఎలా తిప్పమంటే అలా తిప్పాలి.

ఏ కారు అంటే, చిన్నదీ తేలికైనదీ తీసుకోండి. మాజ్డా ఎమ్‌ఎక్స్-5 వెడల్పు 1735 మిల్లీమీటర్లు, పోర్షే 911 అయితే 1852, అద్దాలు కాకుండా. ఆ పన్నెండు సెంటీమీటర్లు ఇక్కడ కాగితం మీద ఏమీ అనిపించవు, ఎదురుగా బస్సు వచ్చినప్పుడు తెలుస్తుంది. పవర్ ఎక్కువుంటే ఈ రోడ్లలో వాడే చోటే దొరకదు. ఎంఎక్స్-5 డిక్కీ సుమారు 130 లీటర్లే, కాబట్టి గట్టి సూట్‌కేసులు వద్దు, మెత్తటి బ్యాగులు తెచ్చుకోండి, నలుగురికి రెండు కార్లు అనుకున్నారు కాబట్టి సరిపోతుంది.

ఎక్కడం కన్నా దిగడమే అసలు పరీక్ష. ఒకసారి మధ్యాహ్నం ఎండలో స్టెల్వియో నుంచి అవతలి పక్క బోర్మియో ఊరి వైపు దిగుతూ ప్రతి మలుపు ముందూ బ్రేక్ తొక్కుతూ వచ్చాను, సగం దిగేసరికి కాలిన వాసన, ఇంకో నాలుగు మలుపులకి పెడల్ మెత్తబడి కిందిదాకా దిగడం మొదలైంది, గుండె గుభేలుమంది. పక్కకి తీసి నలభై నిమిషాలు ఆపేశాను, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా గేర్‌లో పెట్టి, వేడి డిస్కులకి ప్యాడ్లు అంటుకుని ఉండకూడదని. ఆ వేడికి బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి గానీ బ్రేక్ పడదు. ఎక్కిన గేర్‌లోనే దిగాలి అని మన ఘాట్ లారీ డ్రైవర్లు చెప్పేదే అక్కడా పనికొస్తుంది.

ప్రశ్న: మా చిన్నోడు జర్మనీల ఎమ్మెస్ చదువుతున్నడు, పోయి ఏడాది దాటింది. మేము పోతే కారు కిరాయికి తీస్కొని స్విట్జర్లాండ్ కొండలన్ని తిప్పుతా అంటున్నడు, అది గూడ పైకప్పు తీసే స్పోర్ట్స్ కారట. మా ఇంటాయనకు నడుం నొప్పి, నాకు బస్సెక్కితెనే వాంతులు. పోవాల్నా వద్దా?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, తప్పకుండా వెళ్ళండి, కొడుకు తిప్పుతానంటే అంతకన్నా ఏం కావాలి. కానీ ముందు వాణ్ణి ఒక్కటి అడగండి, జర్మనీ లైసెన్స్ తీసుకున్నాడా అని. అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల దాకే మన లైసెన్స్ చెల్లుతుంది, ఆ తర్వాత అక్కడి రాతపరీక్ష, డ్రైవింగ్ టెస్టు రెండూ పాసవ్వాలి. ఈ సంగతి తెలియక ఇండియా లైసెన్స్‌తోనే నడుపుతున్న పిల్లలున్నారు, ఏదైనా జరిగితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా ఎదుటివాళ్ళకి కట్టిన డబ్బు వాడి దగ్గర తిరిగి రాబట్టుకోవడానికి చూస్తారు. వీసా మీద చదువుకునే పిల్లాడికి అది చాలా పెద్ద తలనొప్పి.

లైసెన్స్ ఉన్నా స్పోర్ట్స్ కారు వద్దమ్మా. పైకప్పు తీసేవి చాలావరకు ఇద్దరు కూర్చునేవే, పైగా 25 ఏళ్ళు నిండందే చాలాచోట్ల ఇవ్వరు, కొన్నింటికైతే 30. ఎత్తు సీటున్న మామూలు కారు తీసుకోమనండి, మీరు ముందు సీట్లో కూర్చోండి, ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు మీదే చూపు పెట్టండి, ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, ఇడ్లీలాంటిది కొంచెం తినండి. అయినా భయమైతే సెయింట్ మోరిట్జ్ నుంచి టిరానో వెళ్ళే బెర్నినా రైలు ఎక్కండి, 2253 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తుంది, మంచుకొండలన్నీ కిటికీలోంచే కనబడతాయి, మీవారి నడుం కూడా హాయిగా ఉంటుంది.

ప్రశ్న: జర్మనీ ఆటోబాన్‌లో స్పీడ్ లిమిట్ లేదంటారు, 250 కొట్టచ్చా? మిగతా దేశాల్లో ఎలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లిమిట్ లేనిది కొన్ని ముక్కల్లోనే, అక్కడ కూడా 130 దాటొద్దని సలహా ఉంటుంది, అంతకన్నా ఎక్కువలో ఉండగా ప్రమాదం జరిగితే తప్పు ఎదుటివాళ్ళదైనా నష్టంలో కొంత మీ మీద పడచ్చు. ఇటలీ, ఆస్ట్రియా హైవేల మీద 130, స్విట్జర్లాండ్‌లో 120, అక్కడి కొండ రోడ్లలో 80. స్విట్జర్లాండ్‌లో మాత్రం అస్సలు ఆటలొద్దు, 80 ఉన్న చోట 140 కొడితే అది మామూలు చలానాతో పోయేది కాదు, క్రిమినల్ కేసు, జైలు దాకా వెళ్ళచ్చు, కారు కూడా జప్తు చెయ్యచ్చు. కెమెరాలెక్కడున్నాయో చెప్పే యాప్‌లు కూడా అక్కడ నిషేధం, ఫోన్లోంచి తీసెయ్యండి. తిరుమల ఘాట్‌లో కింద టైమ్ వేసి పైన చూస్తారు కదా త్వరగా వచ్చేశావేంటని, సరిగ్గా అదే పద్ధతి ఇటలీ, ఆస్ట్రియా హైవేల మీద కెమెరాలతో నడుస్తుంది, రెండు చోట్ల మధ్య సగటు స్పీడు లెక్కేస్తారు, కెమెరా దగ్గర ఒక్కచోట బ్రేక్ వేస్తే సరిపోదు.

ప్రశ్న: అద్దె కారుకి ఏమేం కాగితాలు కావాలి? చివర్లో డబ్బు కట్ చేస్తారంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఒరిజినల్ లైసెన్స్, ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అది ఏడాదే చెల్లుతుంది కాబట్టి ప్రయాణానికి కొంచెం ముందు తీసుకోండి, నడిపేవాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డు. స్పోర్ట్స్ కారుకి డిపాజిట్ బాగా ఎక్కువ బ్లాక్ చేస్తారు, కార్డు లిమిట్ ముందే చూసుకోండి. స్విట్జర్లాండ్ హైవే టోల్ స్టిక్కర్ 40 ఫ్రాంకులు, ఏడాదికి ఒకటే రకం, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది. ఆస్ట్రియాలో అయితే తక్కువ రోజులకి కూడా కొనచ్చు.

డబ్బు కట్ అవ్వడం నిజమే, నాకే జరిగింది. ఇటలీలో ఒక పాత ఊళ్ళో హోటల్ వెతుక్కుంటూ ఎర్ర వలయం బోర్డు దాటి లోపలికెళ్ళాను, అది స్థానికుల బండ్లకి మాత్రమే అనుమతి ఉన్న వీధి. అప్పుడేమీ తెలీలేదు, ఇంటికొచ్చిన నాలుగు నెలలకి అద్దె కంపెనీ నా వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు సర్వీస్ చార్జీ కట్ చేసింది, తర్వాత ఫైన్ విడిగా వచ్చింది. ఊరి బయట కారు పెట్టి నడిచెళ్ళండి. కారు తీసుకునేటప్పుడు చక్రాల రిమ్ములు, ముందు బంపర్ కింది అంచు దగ్గరగా ఫోటోలు తీసుకోండి, స్పోర్ట్స్ కార్లు కిందికుంటాయి కాబట్టి ఎక్కువగా గీసుకునేవి అవే, చాలా ఇన్సూరెన్స్‌ల్లో కారు అడుగు భాగం, టైర్లు కవర్ అవ్వవు. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా కంపెనీ మనిషి ముందు మళ్ళీ అవే ఫోటోలు తియ్యండి, తాళం డబ్బాలో వేసి వచ్చెయ్యకండి.