డిబేట్‌కు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

‘నీతికి దేవుడు అక్కర్లేదు’ అన్న వైపు మాట్లాడబోతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకు టెన్షన్‌గా ఉందట. నేను నాస్తికుడినని నీకు తెలిసిందే. నలభై ఏళ్లుగా ఈ వాదన చేస్తున్నాను, అందులో మొదటి ఇరవై ఏళ్లూ తప్పుగానే చేశాను.

రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేసేవాణ్ని. దేవుడు ఉన్నాడా అన్నది ఒకటి. నమ్మకం వల్ల మనుషులకు మేలు జరుగుతుందా అన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో నన్ను ఎవరైనా ఇరుకున పెడితే, వెంటనే మతం పేరిట జరిగిన యుద్ధాలు ఎత్తుకునేవాణ్ని. అవతలివాళ్లూ తక్కువ తినలేదు. రుజువు అడిగితే మా ఆస్పత్రులు చూడండి, అనాథాశ్రమాలు చూడండి అనేవారు. యుద్ధాలు జరిగినంత మాత్రాన దేవుడు లేడని తేలదు. ఆస్పత్రి కట్టినంత మాత్రాన ఉన్నాడనీ తేలదు. అందుకే ‘ఇప్పుడు మాట్లాడుతున్నది నిజం గురించా, మంచి గురించా?’ అని మధ్యమధ్యలో అడుగుతూ ఉండు.

1948లో బీబీసీ రేడియోలో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌కూ, కాపుల్‌స్టన్ అనే జెసూట్ (ఒక క్యాథలిక్ సంఘం) ఫాదర్‌కూ దేవుడి ఉనికి మీద వాదం జరిగింది. కాపుల్‌స్టన్ మొట్టమొదట దేవుడంటే తన ఉద్దేశమేమిటో చెప్పి, దానికి రస్సెల్ చేత సరేననిపించాడు. తర్వాత, దేవుడు లేడని రుజువు చేయగలనంటారా, తెలియదంటారా అని అడిగాడు. తెలియదన్న వైపే నిలబడ్డాడు రస్సెల్. నువ్వూ అంతకు మించి రుజువు చేసే బరువు నెత్తికెత్తుకోకు, మోయలేవు.

నీతి దగ్గరకొచ్చేసరికి మాత్రం రస్సెల్ పని కష్టమైంది. మంచిచెడ్డల్ని దేంతో వేరు చేస్తారు అని కాపుల్‌స్టన్ అడిగితే, నీలం, పసుపు రంగుల్ని వేరుగా గుర్తించినట్టే అన్నాడు. మరి రంగులకు కళ్లున్నాయి, దీనికేముంది అంటే, నా భావాలే అన్నాడు. నావైపు మనిషే అయినా, అక్కడ ఆయన తడబడ్డాడనే అంటాను. నిన్నూ అదే అడుగుతారు. ఒకరి భావానికి ఇంకొకరు ఎందుకు కట్టుబడాలో ఇవాళే కూర్చుని రాసుకో.

నీ చేతిలో సోక్రటీస్ ప్రశ్న ఉంటుందిలే. దేవుళ్లు మెచ్చారు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి మెచ్చారా అన్నది. దాన్ని బ్రహ్మాస్త్రం అనుకోకు. మంచితనం దేవుడి స్వభావమే, బయటి నుంచి వచ్చిన ఆజ్ఞ కాదు అని ఆస్తికులు ఎప్పటి నుంచో జవాబు చెబుతున్నారు. అయితే ఆ స్వభావం మంచిదని మనకెలా తెలిసింది అన్నది తర్వాతి మెట్టు. చాలామంది ఆ మెట్టు దాకా రారు.

మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో నిజం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ని కొట్టిపారేసేది వితండం. వీటిలో వితండమొక్కటే మనకు తిట్టుగా మిగిలింది. కప్పు ఇచ్చే పోటీ ఎలాగూ జల్పమే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఇంటికొచ్చాక దాన్ని కొనసాగించకు. నేను కొనసాగించాను. తల్లి పోయిన స్నేహితుడు ‘అమ్మ దేవుడి దగ్గరికి వెళ్లింది’ అంటే రుజువు అడిగాను. పదకొండేళ్లు మాట్లాడుకోలేదు.

వెళ్లేముందు అవతలి పక్షాన్ని అమ్మమ్మకు వినిపించు. ‘నేననేది ఇదే’ అని ఆవిడ ఒప్పుకుంటేనే నీకు వాళ్ల వాదం అర్థమైనట్టు. ఆవిడా చూడ్డానికి వస్తానంటోందట. ముందు వరుసలో మాత్రం కూర్చోబెట్టకు, మధ్యలో లేచి నీకు జవాబు చెప్పినా చెబుతుంది.

మామయ్య