సైకిలు సందేహాలు: ట్రయల్స్ బండికి తేలిక రిమ్ములు ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. అడ్డంకుల మీదుగా కాలు కింద పెట్టకుండా సాగే ట్రయల్స్ క్రీడ మీద ఇష్టంతో, సీటు లేని 20 అంగుళాల సైకిలు ఒకటి పాతది కొన్నాను. ఆదివారాల్లో ఖాజాగూడ గుట్ట బండల మీద సాధన చేస్తుంటాను. నా బరువు 68 కిలోలు, బండి 9 కిలోలు. ముందు డిస్క్ బ్రేకు, వెనక హైడ్రాలిక్ రిమ్ బ్రేకు ఉన్నాయి. ముందు రిమ్మును విడదీసి వంటింటి కాటా మీద తూస్తే 520 గ్రాములు తూగింది. 400 గ్రాముల రిమ్ము దొరుకుతుందని తెలిసింది. రెండు రిమ్ములూ తేలికవి వేస్తే ఇప్పటికంటే బాగా ఎత్తుకు ఎగరవచ్చని మిత్రులు అంటున్నారు. కొత్తవి ఎందుకు, వెనక ఉన్న ఒంటిపొర రిమ్ముకే రంధ్రాలు వేసి బరువు తగ్గించి ఇస్తానని బాలానగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసే మా మామయ్య అంటున్నారు. ఏది మేలో దయచేసి తెలపండి.
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు రిమ్ము మార్చుకోండి, వెనక రిమ్ము జోలికి ఇప్పట్లో పోకండి, మీ మామయ్య గారి డ్రిల్లింగ్ మిషన్‌కు మాత్రం వేరే పని చూపించండి.

ఎత్తుకు ఎగరడం గురించి మీ మిత్రులు చెప్పిన మాటను మొదట లెక్కకట్టి చూద్దాం. చక్రం దొర్లేటప్పుడు రిమ్ము బండితో పాటు ముందుకు కదలడమే కాక తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక, వేగం అందుకునే వేళ రిమ్ములోని ఒక గ్రాము ఫ్రేములోని రెండు గ్రాములతో దాదాపు సమానమవుతుంది. తేలిక చక్రాల గురించి ఎవరు మాట్లాడినా ఈ సూత్రమే చెబుతారు, అది నిజం కూడా. అయితే ట్రయల్స్‌లో వేగమెంత? నిలిచిన చోటు నుంచి ఒక్క పెడల్ తోపుతో మీరు అందుకునే వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుంటే, మిమ్మల్నీ బండినీ కలిపి ఆ వేగానికి తేవడానికి 154 జౌళ్ల శక్తి కావాలి. రిమ్ములో 120 గ్రాములు తగ్గించడం వల్ల అందులో మిగిలేది అర జౌలు కన్నా తక్కువ, అంటే 0.3 శాతం. ఎగరడంలో లాభం ఇంకా స్వల్పం. 60 సెంటీమీటర్లు ఎగరగలిగిన వారు అదే బలంతో మరొక్క మిల్లీమీటరు ఎగురుతారు. గుట్ట ఎక్కే ముందు తాగే అర లీటరు నీళ్లు ఆ 120 గ్రాములకు నాలుగింతలకు పైగా ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరి ముందు రిమ్ము మార్చమని ఎందుకు అంటున్నానంటే, ఆ తేడా మీరు ఎగిరే ఎత్తులో కాక చేతుల్లో తెలుస్తుంది. వెనక చక్రం మీద నిలబడి ముందు చక్రాన్ని గాలిలో ఉంచినప్పుడు ఆ చక్రం ఆనిక నుంచి దాదాపు మీటరు దూరంలో వేలాడుతూ ఉంటుంది. దానిని అటూ ఇటూ తిప్పి బండ అంచు మీద సరిగ్గా అనుకున్న చోట దించవలసిన పని మొత్తం భుజాలదీ మణికట్లదీ. గంటసేపు సాధన చేశాక గురి తప్పేది అక్కడే. పైగా మీ బండికి ముందు ఉన్న డిస్క్ బ్రేకు రిమ్మును కాక, చక్రం నడుమనున్న హబ్బు దగ్గరి డిస్కును పట్టి ఆపుతుంది కనుక ముందు రిమ్ముకు బ్రేకు రబ్బరు రాచుకునే మందపాటి పక్కగోడ అవసరం లేదు. కాబట్టి మీరు తగ్గించే 120 గ్రాముల్లో ఎక్కువ భాగం ఆ చక్రానికి అక్కరలేని లోహమే.

వెనక చక్రం సంగతి వేరు. ఎగిరిన ప్రతిసారీ 77 కిలోల బరువూ దాని మీదే దిగుతుంది. పట్టు కోసం ఆ టైరులో గాలి తక్కువగా ఉంచుతారు కనుక, దిగడంలో కొంచెం తేడా వస్తే టైరు పూర్తిగా నొక్కుకుపోయి రిమ్ము అంచు నేరుగా రాతికి తగులుతుంది. ఆ రాయి ఎలాంటిదో మీకు తెలుసు. మన నగరం చుట్టూ ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. అందులోని క్వార్ట్జ్ పలుకుల కాఠిన్యం మోస్ కొలతలో 7, అల్యూమినియానిది 3 లోపే. వానకూ ఎండకూ గుండ్రబడిన పెద్ద బండల మీద పరవాలేదు గానీ, పొరలుగా విడిపోయిన చోట, రాళ్లు కొట్టి వదిలేసిన చోట అంచులు ఉలితో చెక్కినట్టు ఉంటాయి. అలాంటి అంచు మీద పలుచని రిమ్ము ఒక్కసారి తగిలితే సొట్ట పడుతుంది. వెనక రిమ్ బ్రేకు ఉన్న మీ బండిలో ఆ సొట్ట తిరిగిన ప్రతి చుట్టుకూ బ్రేకు రబ్బరును తన్నుతుంది. తేలిక రిమ్ములు చాలావరకు వెడల్పులో కూడా తక్కువగా ఉంటాయన్నది మరో చిక్కు. వెనక రిమ్ము వెడల్పు తగ్గితే పక్కకు ఎగిరి దిగినప్పుడు లావు టైరు రిమ్ము మీద మడతపడుతుంది, అప్పుడు ఆదా చేసిన గ్రాములు ఎవరికీ గుర్తుకు రావు.

ఇక రంధ్రాల విషయం. రిమ్ము అడుగు 1.5 మి.మీ. మందం ఉందనుకుంటే, 20 మి.మీ. వ్యాసంతో ఒక రంధ్రం వేసినప్పుడు ఊడివచ్చే బిళ్ల బరువు 1.3 గ్రాములు. స్పోకుకూ స్పోకుకూ నడుమ ఒకటి చొప్పున 32 వేసినా తగ్గేది 40 గ్రాముల పైచిలుకు మాత్రమే. మీ వెనక రిమ్ములో స్పోకు రంధ్రాల మధ్య దూరం సుమారు 36 మి.మీ. ఉంటుంది కనుక, కొత్త రంధ్రం అంచుకూ స్పోకు రంధ్రం మధ్యకూ నడుమ మిగిలేది 8 మి.మీ. లోహమే, స్పోకు లాగుడంతా పడేది సరిగ్గా అక్కడే. కంపెనీలోనే రంధ్రాలతో తయారైన ట్రయల్స్ రిమ్ములు ఉన్న మాట నిజమే గానీ, వాటి మందాన్నీ ఆకారాన్నీ ఆ రంధ్రాలను దృష్టిలో ఉంచుకునే నిర్ణయిస్తారు. రంధ్రాల కోసం పుట్టని రిమ్ముకు, ఎంత నేర్పరి వేసినా, అంచున మిగిలే సన్నని గరుకు దగ్గరే పగులు మొదలవుతుంది. ఆ గరుకే ట్యూబును కూడా కోస్తుంది.

కొనే ముందు కొలతలు చూసుకోండి. మీ ముందు టైరు పక్కన 50-406 వంటి అంకెలు అచ్చయి ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 406 కొలత పిల్లల సైకిళ్లలోనూ బీఎంఎక్స్ సైకిళ్లలోనూ వాడుకలో ఉన్నదే కాబట్టి ముందు రిమ్ము ఇక్కడి దుకాణాల్లో దొరికే అవకాశం ఉంది. 451 కొలత రిమ్మును కూడా 20 అంగుళాలదనే అమ్ముతారు, అది మీ టైరుకు ఎక్కదు. 20 అంగుళాల బండి అన్నా వెనక చక్రం 19 అంగుళాలది, దాని కొలత 387; ట్రయల్స్ బండ్లకు తప్ప మరో దానికి ఆ కొలత దాదాపుగా వాడరు కనుక విదేశం నుంచి తెప్పించుకోవలసిందే. వెనక రిమ్మును ఉన్నంతకాలం జాగ్రత్తగా చూసుకోమని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. హబ్బుకు ఎన్ని రంధ్రాలుంటే రిమ్ముకూ అన్నే ఉండాలన్నది చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా 32 హబ్బుకు 36 రిమ్ము కొని తెచ్చేవారు ఉంటూనే ఉన్నారు.

కొత్త రిమ్ము వేసినప్పుడు పాత స్పోకులు సరిపోతాయని ముందే అనుకోవద్దు. రిమ్ముల లోతు ఒకటిగా ఉండదు. దీనికి తేలికైన కొలత ఒకటి ఉంది. మీ చక్రానివి కాని పాత స్పోకులు రెండింటిని సరిగ్గా 180 మి.మీ. పొడవుకు కత్తిరించి, మర ఉన్న కొసలకు నిపిల్స్ (స్పోకును రిమ్ముకు పట్టి ఉంచే చిన్న నట్లు) బిగించండి. స్పోకు కొస నిపిల్ తలలోని స్క్రూడ్రైవర్ గాడి అడుగు దాకా రావాలి. ఆ రెండింటినీ రిమ్ములో ఎదురెదురు రంధ్రాల్లో దూర్చి, లోపలి కొసల మధ్య ఖాళీని కొలవండి. 360కి ఆ ఖాళీ కలిపితే స్పోకు లెక్కకు కావలసిన వ్యాసం వస్తుంది. పాత రిమ్ముకూ కొత్త రిమ్ముకూ ఈ వ్యాసంలో 2 మి.మీ. తేడా ఉంటే స్పోకు పొడవులో ఒక మి.మీ. తేడా వస్తుంది, అంతవరకు పాతవాటితోనే సర్దుకోవచ్చు. అంతకు మించితే కొత్త స్పోకులు తీసుకోండి. మర చాలక నాలుగు చుట్లే పట్టిన నిపిల్ ఏదో ఒక రోజు మధ్యలో ఊడుతుంది. డిస్క్ బ్రేకు చక్రానికి స్పోకులు ఒకదానినొకటి దాటుతూ అల్లినవే అయి ఉండాలి. చూడటానికి బాగుంటుందని, బరువు తగ్గుతుందని, హబ్బు నుంచి నేరుగా వేసే అల్లిక పెట్టించుకోకండి; బ్రేకు పట్టినప్పుడు హబ్బు మెలిపడే బలాన్ని నేరు స్పోకులు ఆపలేవు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ముందు టైరునూ ట్యూబునూ రిమ్ము టేపునూ కూడా అదే కాటా మీద తూయండి. పాతబండి కొన్నవారికి లోపల రెండు పొరల రబ్బరు టేపు, లావు ట్యూబు కనబడటం అరుదేమీ కాదు, అవి మార్చడానికి అయ్యే ఖర్చు రిమ్ముతో పోలిస్తే స్వల్పం.

ప్రశ్న: నాది 26 అంగుళాల ట్రయల్స్ సైకిలు, వెనక రిమ్ బ్రేకు. డిస్క్ బ్రేకు బండ్లకు వేసే రిమ్ము తేలికగా ఉందని అదే వేయించుకోవాలనుకుంటున్నాను. వానాకాలంలో బ్రేకు ఎలాగూ జారుతోంది. వేయవచ్చా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వేయకూడదు. ఆ రిమ్ము తేలికగా ఉండటానికి కారణమే దానికి బ్రేకు రబ్బరు ఆనే చదునైన, మందమైన పక్కగోడ లేకపోవడం. మీ హబ్బుకు డిస్కు బిగించే ఏర్పాటు, ఫ్రేముకు క్యాలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) బిగించే చోటు ఉంటే వెనక కూడా డిస్క్ బ్రేకుకు మారవచ్చు. లేకపోతే పక్కగోడ ఉన్న రిమ్మే మీకు తగినది.

వానలో జారడానికి రిమ్ము బరువుతో సంబంధం లేదు. రంగుపూత ఉన్న నున్నని పక్కగోడ మీద తడి రబ్బరు పట్టదు, అందుకే ట్రయల్స్ ఆటగాళ్లు ఆ గోడను యాంగిల్ గ్రైండర్‌తో గరుకు చేయించుకుంటారు. టైరూ ట్యూబూ తీసేసి, చక్రాన్ని ఫ్రేములోనే ఉంచి నెమ్మదిగా తిప్పుతూ, గ్రైండర్ రాయిని ఏటవాలుగా, తగిలీ తగలనట్టు ఆనిస్తే ఒకే తీరున సన్నని గీతలు పడతాయి. కంటికి అద్దాలు తప్పనిసరి. ఒకే చోట రాయిని నిలిపితే గుంట పడుతుంది, ఆ గుంట దగ్గర బ్రేకు పట్టి పట్టి వదులుతుంది. గరుకు చేసిన రిమ్ము కీచుమంటుంది, రబ్బర్లను త్వరగా తినేస్తుంది, ఇది తప్పదు. గీతలు అరిగినప్పుడల్లా మళ్లీ చేయించాలి, చేయించిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. అందువల్ల ఈ పని చేయించేవారు మరీ పలుచని రిమ్ము కొనడంలో అర్థం లేదు. పక్కగోడ మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, నడుమ వెలుతురు కనిపించేంతగా గోడ లోపలికి అరిగి ఉంటే ఆ రిమ్మును పక్కన పెట్టండి. కొందరు గరుకు చేయడానికి బదులు రిమ్ముకు కాస్త తారు రుద్దుతారు; పొడి వాతావరణంలో అది పట్టు ఇచ్చే మాట నిజమే, కానీ ఉప్పల్ రోడ్ల దుమ్ము దానికి అంటుకున్నాక ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ప్రశ్న: ట్రయల్స్ బండికి కార్బన్ రిమ్ము వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: పక్కా చదును చేసిన అడ్డంకుల మీద, డిస్క్ బ్రేకుతో, పగిలితే మరొకటి కొనగల స్తోమత ఉంటే వాడవచ్చు. మన బండల మీద సాధనకు మాత్రం నేను సూచించను. అల్యూమినియం రిమ్ము దెబ్బ తగిలినప్పుడు వంగుతుంది, చిన్న సొట్టయితే మంచి మెకానిక్ బెండు తీసి సరిచేయగలడు. కార్బన్ వంగదు, చిట్లుతుంది. ఆ చీలిక పొరల మధ్య దాగి ఉండి పైకి ఒక సన్నని గీతలాగే కనిపించవచ్చు. వెనక రిమ్ బ్రేకు ఉన్నవారికైతే ఈ ఆలోచనే వద్దు, ఎందుకంటే కార్బన్ పక్కగోడను గ్రైండర్‌తో గరుకు చేస్తే దాని బలాన్నిచ్చే పోగులే తెగిపోతాయి.