బ్రేకర్ ట్రిప్ అయ్యాక ఒక్క ఫేజే ఎందుకు కాగుతోంది? ముందు స్ప్రింగ్ చూడండి

చెన్నై అంబత్తూరులోని ఒక యూనిట్‌లో షార్ట్ సర్క్యూట్‌కి ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) సరిగానే ట్రిప్ అయిందట. ఫాల్ట్ తీసేసి ఆన్ చేస్తే మూడు ఫేజుల్లో ఆర్ ఫేజ్ ఒక్కటే కాగుతోందట. పావు సెకను కూడా లేని కరెంటుకి కాంటాక్ట్ (బ్రేకర్ లోపల ఒకదానికొకటి ఆని కరెంటు దాటించే లోహపు ముక్క) పాడవుతుందా అని అక్కడివాళ్ళు అడిగారు.

పావు సెకను అక్కర్లేదండీ. మొదటి పీక్ చాలు, అది 10 మిల్లీసెకన్ల పని.

కాంటాక్ట్‌లు పైకి ఎంత నున్నగా ఉన్నా నిజంగా ఆనేది కొన్ని చుక్కల్లోనే. చుక్క ఎంత కాగుతుందన్నది దాని మీద పడే వోల్టేజీని బట్టి ఉంటుంది. వెండి సుమారు 0.09 వోల్టు దగ్గర మెత్తబడి, 0.37 దగ్గర కరుగుతుంది. 1000 కేవీఏ, 5 శాతం ఇంపెడెన్స్ (కరెంటుకి లోపలి అడ్డంకి) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి 433 వోల్టుల వైపు ఫాల్ట్ 26.7 కిలోఆంపియర్ల దాకా ఉంటుంది. పోల్ (బ్రేకర్‌లో ఒక ఫేజ్ దారి) నిరోధం 40 మైక్రోఓమ్‌లయితే దాని మీద పడేది 1.07 వోల్టు. అందులో సగం చుక్కల మీద పడినా కరిగే గీత దాటినట్టే. మెత్తబడ్డ వెండి పరుచుకుని చుక్క పెద్దదై కాస్త కాపాడుతుంది, అదీ స్ప్రింగ్ గట్టిగా నొక్కుతుంటేనే.

అసలు గొడవ ఇక్కడే. కరెంటు చుక్కలోకి ముడుచుకుని మళ్ళీ విచ్చుకునేటప్పుడు కాంటాక్ట్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపు కరెంటు వర్గంతో పెరుగుతుంది. పీక్ 56 కిలోఆంపియర్లు, చుక్క కొలత కాంటాక్ట్‌లో 20వ వంతు అనుకుంటే తోపు 95 కిలోల బరువంత. అదే కరెంటు 8 ఫింగర్లకు (పక్కపక్కనే ఉండి, ఒక్కోదానికీ సొంత స్ప్రింగ్ ఉన్న కాంటాక్ట్ ముక్కలు) పంచుకుంటే ఒక్కోదాని మీద కిలోన్నరే. ఒక్క ఫింగర్ స్ప్రింగ్ చచ్చిందా, మిగతా ఏడింటి మీదా రెండేసి కిలోలు. ఫింగర్ లేస్తుంది, ఆర్క్ కొడుతుంది, కరెంటు తగ్గగానే కరిగిన వెండి మీదే తిరిగి వాలుతుంది. అతుక్కుంటే వెల్డ్, ఊడితే గుంతలూ బొడిపెలూ. మీ ఆర్ ఫేజ్ కాగడానికి కారణం చాలావరకు ఈ రెండోదే.

కొనేటప్పుడు అందరూ ఐసీయూ (బ్రేకర్ గరిష్ఠంగా తెంచగల ఫాల్ట్ కరెంటు) చూస్తారు, ఐసీఎస్ (తెంచాక కూడా వాడుకోగల ఫాల్ట్ కరెంటు) ఎవరూ అడగరు. ఐసీయూ టెస్ట్ అయ్యాక బ్రేకర్ రేటెడ్ కరెంటు మోయాలన్న షరతే లేదు. ఐసీఎస్‌కి ఉంది.

సప్లై రెండు వైపులా ఐసొలేట్ చేసి, బ్రేకర్ రాక్ అవుట్ చేసి (ప్యానెల్ నుంచి బయటికి లాగి), మూడు నాలుగు సార్లు ఆన్ ఆఫ్ చేసి, క్లోజ్‌లో ఉంచి 100 ఆంపియర్ల డీఎల్‌ఆర్‌ఓ (మైక్రోఓమ్‌లు కొలిచే మీటర్)తో మూడు పోల్స్ కొలవండి. మల్టీమీటర్ తీయకండి, దాని లీడ్స్‌కే 0.2 ఓమ్ ఉంటుంది. తక్కువ వచ్చిన పోల్ కంటే ఏదైనా 50 శాతం ఎక్కువుంటే ఆర్క్ చూట్ (కాంటాక్ట్‌ల మీద ఉండే, ఆర్క్‌ని ఆర్పే పెట్టె) విప్పి చూడండి. స్ప్రింగ్ నీలంగా మారితే మెత్తబడిపోయినట్టే, మార్చాల్సిందే. ఎమరీ పేపర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. వెండి పొర అరిగిపోతుంది, గరుకు రేణువులు అందులోనే దిగబడతాయి. మెరిసే రాగి మీద ఐఆర్ గన్ చూపే అంకె కూడా నమ్మొద్దు, తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క ముందే అంటించి, దాని మీద చూడాలి.

వెనకున్న జా కాంటాక్ట్‌ల (బ్రేకర్‌ని ప్యానెల్ బస్‌బార్లకు పట్టి ఉంచే క్లిప్పులు) గ్రీజు కరిగి కారిందేమో కూడా చూడండి. చాలాసార్లు కాగేది అవే, నింద మాత్రం మెయిన్ కాంటాక్ట్ మీద పడుతుంది.