30 సెకండ్ల పాట పాడబోయే మనవరాలికి

తిరుపతి

చిరంజీవి మనవరాలికి చిన్నవ్వ ఆశీస్సులు.

శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువు ముగియగానే చెన్నైలో ఒక తలనూనె ప్రకటనకు పాడే అవకాశం వచ్చిందనీ, కచేరీలు చేయవలసిన గొంతును సబ్బులకూ నూనెలకూ ఖర్చు పెట్టడమేమిటని మీ నాన్న చిన్నబుచ్చుకున్నాడనీ రాశావు. 1970లలో నేను ప్రకటనలకు పాడబోతే మా నాయన కూడా ఇదే మాట అన్నాడు. మీ నాన్నకు నేను నచ్చజెబుతాను గానీ, ఈ పని తేలికైనదని నీవు మాత్రం అనుకోవద్దు.

ఆకాశవాణి వారి వివిధ భారతి 1957లో మొదలైనా, అందులో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరులో బొంబాయి, పుణె, నాగపూరు కేంద్రాలతో ప్రారంభమయ్యాయి. అంతవరకు ప్రకటనల పాటలు వినాలంటే శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోను పెట్టుకునేవాళ్లం. మదరాసులోనూ ఆ పని పెరిగాక నేను పుత్తూరు, నగరి మీదుగా బస్సులో వెళ్లి, పాడి, రాత్రికి ఇల్లు చేరేదాన్ని. వాద్యాలూ గొంతూ ఒకేసారి రికార్డయ్యేవి. సెకనుకు 15 అంగుళాల చొప్పున తిరిగే టేపు మీద 30 సెకండ్ల పాటకు 37 అడుగుల పైచిలుకు పడుతుంది. చివరి అడుగులో నా నాలుక తడబడితే తబలా ఆయనతో సహా అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. ఇప్పుడు ఒక్కొక్క మాటనూ విడిగా పాడి అతికించవచ్చునట. నీ అదృష్టం.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాట. చాలా ప్రకటనలకు బాణీ ముందు హిందీ మాటలకు కట్టి ఉంటుంది, తెలుగును తరువాత అందులో ఇరికిస్తారు. హిందీలో 'దూధ్' అని ఒక్క అక్షరంతో తాళం మీద ఆగిపోవచ్చు. మన 'పాలు' అచ్చుతో ముగుస్తుంది కనుక ఆ చివరి 'లు'కు చోటు దొరకక గొంతులోనే మిగిలిపోతుంది. అప్పుడు గొంతు నొక్కి సరిపెట్టుకోకుండా, మాట మార్చమని రాసినవారిని మర్యాదగా అడుగు. బాణీ సాగినచోట హ్రస్వం దీర్ఘమైతే మరీ ప్రమాదం: 'నల్లని జడ' కాస్తా 'నల్లని జాడ' అయితే, నూనె రాసుకుంటే మరక మిగులుతుందని చెప్పినట్టవుతుంది. సంగీత దర్శకుడికి తెలుగు రాకపోతే ఆ తేడా పట్టుకోవలసినదానివి నీవే.

మదరాసులో తరచు పాటను తమిళ లిపిలో రాసి చేతికిచ్చేవారు. ఆ లిపిలో ప, ఫ, బ, భ అన్నిటికీ ఒకే అక్షరం కనుక 'బలం' అని ఉందో 'ఫలం' అని ఉందో నేనే ఊహించుకోవలసి వచ్చేది. ఆ రోజుల నుండి, ఎంత తొందరలో ఉన్నా, పాటను నా చేత్తో తెలుగులో రాసుకున్న తరువాతే మైకు ముందుకు వెళ్లేదాన్ని. నీవూ అలాగే చెయ్యి. ఇదే ప, భ వంటి అక్షరాల దగ్గర గాలి నేరుగా తగిలి మైకు 'టప్'మంటుంది. నోరు కొద్దిగా పక్కకు తిప్పితే చాలు. సరుకు పేరు మీద స్వరాన్ని ఊపుతూ గమకం వేయవద్దు. కాలేజీలో అయిదేళ్లు నేర్చుకున్నదాన్ని అక్కడ దాచుకోవడం కష్టమే, కానీ పేరు వణికితే వినేవాడు దుకాణంలో మరో పేరు అడుగుతాడు.

డబ్బు సంగతి. నేను పాడిన ఒక పాటను ఒక సంస్థ ఏళ్ల తరబడి వాడుకుంది. నాకు ముట్టింది మొదటి రోజు ఇచ్చిన కవరు ఒక్కటే. గాయనిగా నా పేరు ఎక్కడా వినిపించలేదు, అది ఆ పనిలో మామూలే. అప్పట్లో అడగడానికి చట్టమూ లేదు. కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవారివంటి ప్రదర్శకులకు హక్కు, 2012 సవరణతో వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు వచ్చాయి కనుక, ఎన్ని భాషలకు, ఎంత కాలానికి, రేడియోకా, టీవీకా, ఇంటర్నెట్‌కా అన్నది కాగితం మీద రాయించుకోకుండా గొంతు విప్పవద్దు. పాడిన తేదీ, పాట మొదటి పాదం, ఇచ్చిన మొత్తం ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకో. నేను ఆ పని నలభయ్యో ఏట మొదలుపెట్టాను, అప్పటికి సగం మరిచిపోయాను.

చెన్నై వెళ్లే ముందు ఆదివారం ఆ పాట కాగితంతో ఇక్కడికి రా. ఏ అక్షరం ఎంతసేపు పలకాలో, ఆ మాత్రలు ఇద్దరం కలిసి లెక్కపెడదాం.

ఇట్లు,
మీ చిన్నవ్వ